లావు గుండు, ముందే పలికే కొండ

సలహాలడిగి ఎవరినీ ఇబ్బంది పెట్టకపోవడం తొకుజోకున్న గొప్ప సుగుణం. అరవై రెండేళ్లుగా దాన్ని వినయమనే అనుకుంటూ వచ్చాడు. పెళ్లాం ఫుసాఎ దానికి వేరే పేరు పెట్టింది గానీ, అది ఇక్కడ రాయదగింది కాదు.

పొద్దున్నే ఇద్దరూ కమలా తోటకెళ్తారు. ఎహిమె జిల్లాలో సముద్రం వైపు మెట్లు మెట్లుగా దిగే తోట. ఆ కొండ మీద గట్టి చప్పుడు దేనికైనా ప్రతిధ్వని ముందొస్తుంది, చప్పుడు తర్వాత. ఒక్కోసారి రెప్పపాటు తేడా, ఒక్కోసారి రోజులు. ఎదుటి కొండ "అన్నానికి రండీ" అన్నాక ఫుసాఎ డబ్బా మూత తీసి, అప్పుడు కేకేస్తుంది. పోస్టుమాన్ హారన్ కొండ మీంచి వినపడగానే ఊళ్లోవాళ్లు రసీదు మీద సంతకం బదులు వేసే ముద్ర వెతుక్కుంటారు. వచ్చిన ప్రతిధ్వనికి చప్పుడివ్వకుండా ఇంతవరకూ ఎవరూ తప్పించుకోలేదు.

ఆ ఏడు పికిలిపిట్టలు మందలుగా దిగి పై గట్టు పళ్లన్నీ పొడిచేస్తున్నాయి. తొకుజో వేట లైసెన్సు పరీక్ష పాసై, గాలి తుపాకీ కొనడానికి పట్నం వెళ్లాడు. అనుమతి ఎంచుకున్న ఆ ఒక్క తుపాకీకే ఇస్తారు. మార్చాలంటే మళ్లీ నెలలు పడుతుంది, మళ్లీ పోలీసులొచ్చి "ఈయన ఇంట్లో అరుస్తాడా?" అని పెళ్లాన్నడుగుతారు.

"పికిలికి నాలుగున్నర మిల్లీమీటర్ల గుండు చాలండీ. బాతులు కూడా కొట్టాలంటే ఐదున్నర," అంది కొట్టావిడ.

"మీ కొండకి నాలుగున్నరే మేలు, చప్పుడు తక్కువ," అన్నాడు వెంట వచ్చిన వేటగాళ్ల సంఘం పెద్ద ఇవగామి. "లావుది పిట్టతో ఆగదు తమ్ముడూ. వెనకాల ఎవరుంటే వాళ్లనీ పలకరిస్తుంది."

అలమర చివర ఆరు పాయింటు మూడు ఐదు మిల్లీమీటర్ల తుపాకీ నల్లగా మెరుస్తోంది.

"అదివ్వండి," అన్నాడు తొకుజో.

ఇంట్లో ఫుసాఎ దాని గొట్టంలోకి తొంగిచూసి, "తోటకి ఏనుగులొస్తున్నాయా?" అంది.

పదిహేను రోజుల్లో ఒక్క పిట్టా పడలేదు. గురి కుదిరేలోపే ఎదుటి కొండ "ఠాప్" మనేది. పిట్టలు లేచిపోయేవి. కొండ మాట నిలబెట్టడానికి తొకుజో ఖాళీ కొమ్మని కాల్చి ఇంటికొచ్చేవాడు.

జనవరిలో ఓ గాలిరోజు. గాలికి అడ్డంగా పెంచిన దట్టమైన చెట్లకంచె మీద పిట్టలు వాలాయి. తొకుజో గురిపెట్టాడు.

"ఠాప్," అంది కొండ. వెంటనే, "అమ్మా!" అంది.

ఫుసాఎ గొంతు.

పిట్టలన్నీ లేచాయి. నోటినిండా కమలా తొనతో బలిసిన పిట్టొకటి మాత్రం కదల్లేదు. పదిహేను రోజులకి మొదటిసారి గురిలో పిట్టుంది. ఫుసాఎ కింద గట్టు మీద ఉంటానంది. ఉందా? కంచె వెనక ఆకు తప్ప ఏమీ కనపడదు. కేకేద్దామనుకున్నాడు. కానీ ఆ కేక కొండ మీంచి రాలేదు, అంటే తను వెయ్యడన్నమాట. వేలు మీట మీద ఉంది. కొండ అనేసింది, కాల్చక తప్పదు.

గొట్టాన్ని బలవంతాన కిందికి వంచి, కాళ్ల ముందున్న మెత్తని మట్టిగట్టులోకి కాల్చాడు. ఠాప్.

"అమ్మా!" కంచె వెనక నుంచి.

పరిగెత్తాడు. దొర్లుతున్న కమలాల మధ్య ఫుసాఎ చతికిలబడి ఉంది.

"పక్కనే పేలుస్తావా మనిషీ! దడుచుకుని బుట్టంతా పారబోశాను!"

"దెబ్బ తగిలిందా?"

"కమలాలకి తగిలింది. పిట్టేదీ?"

"ఎగిరిపోయింది."

ఆమె నిలబడ్డ చోట ఆకుల మధ్య చెయ్యి పెట్టి చూశాడు. పిట్ట వాలిన కొమ్మ సరిగ్గా ఆమె తల ఎత్తులో ఉంది.

తుపాకీ ఇనప బీరువాలోకి వెళ్లిపోయింది. పై గట్టు పళ్లు పిట్టల పాలయ్యాయి. వేట రోజులు ముగిశాక ఓ సాయంత్రం, ఎదుటి కొండ తొకుజో గొంతుతో గట్టిగా అడిగింది: "ఫుసాఎ, ఈసారి ఏ తుపాకీ తీసుకోమంటావే?"

కింద గట్టు మీద కొమ్మలు కత్తిరిస్తున్న ఫుసాఎ కత్తెర ఆపి, తలెత్తి చూసింది. పైనున్న తొకుజో గొంతు సవరించుకున్నాడు. అంతే.

నాలుగు రోజులైంది. రోజూ ఆ వేళకి ఆమె కత్తెర ఆపి చూస్తోంది. గుండు పిట్టని దాటి ఎంత దూరం పోతుందో తొకుజోకి తెలిసొచ్చింది. అడగడం మాత్రం ఇంకా రాలేదు.