ఇత్తడి జెట్లు

అనిత వాకిట్లో కూర్చుని చింతపండు పిప్పితో ఇత్తడి బిందె తోముతోంది. తోమడానికి చేతులు చాలు. కళ్ళకూ చెవులకూ పనిలేదు కాబట్టి వాటిని బండి దగ్గరికి పంపింది.

బండి అంటే, మామ ఉన్నప్పుడు కొన్న పాత పెట్రోలు జీపు. వెనక భాగం కోయించి ట్రాలీ కట్టించారు. నర్సింహులపేట చుట్టుపక్కల తండాల మిర్చి బస్తాలు దానిమీదే మానుకోట మార్కెట్‌కు పోయేవి. ఇప్పుడు కార్బురేటర్ పాడై, ఎక్కడ ఆగితే అక్కడే కాపురం పెడుతోంది. అనిత భర్త కల్యాణ్ జనగామ వెళ్ళి, పాత సామాన్ల దుకాణంలో మరో కార్బురేటర్ కొనుక్కొచ్చాడు.

"గిది పనిచేస్తే సరే. లేకుంటె రేపు మన తండా జాల్యా అన్నతోని మహదేవపూర్ పోత. టిప్పర్ నడుపుత" అన్నాడు.

వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు. పోవద్దని చెప్పాలని అనితకు ఉంది. కానీ ఆమె దేన్నైనా చూసి నేర్చుకునే మనిషి. చూసీ చూసీ రొట్టెలు చేయడం వచ్చింది, కుట్టు మిషన్ వచ్చింది. మాట్లాడడం మాత్రం ఎంత చూసినా రాలేదు.

కల్యాణ్ కొత్తగా తెచ్చిన కార్బురేటర్ విప్పాడు. లోపలి జెట్లను పెట్రోలులో కడిగి, పళ్ళెంలో ఆరబెట్టి, అన్నానికి లేచాడు. జెట్లంటే పెట్రోలును కొలిచి పంపే చిన్న ఇత్తడి ముక్కలు. ఒక్కోదానికి సూది బెజ్జమంత రంధ్రం.

అనితకు రంధ్రం కనిపించలేదు. ఇత్తడి కనిపించింది. నల్లబడ్డ ఇత్తడి! అవి తళతళా మెరుస్తుంటే, తన మనసులో ఏముందో అతనికే తెలిసిపోతుందనుకుంది. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైన బుర్రకు తట్టిన ఉపాయం అది. చింతపండుతో రుద్ది, నీళ్ళతో కడిగి, కొంగుతో తుడిచి, ఎక్కడివక్కడ పెట్టేసింది.

కల్యాణ్ చెయ్యి కడుక్కుని వచ్చాడు. "అరె, ఎండకు మస్తు మెరుస్తున్నయ్" అని మురిసిపోతూ జెట్లు బిగించాడు. పాత కార్బురేటర్ పీకేసి దీన్ని ఇంజనుకు ఎక్కించాడు, పెట్రోలు పైపు తగిలించి తాళం తిప్పాడు. ఇంజను గురగురమని ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే.

మంచం మీద కూర్చున్న అత్త బుచ్చి నోరు తెరిచింది. ఇంట్లో వాళ్ళ మాట లంబాడీలోనే, తిట్లు మాత్రం తెలుగులో. దారిన పోయే ఊరివాళ్ళకూ అర్థం కావాలని ఆమె కోరిక.

"ఒక్క తాపు తన్నురా! మీ నాయిన తంతే ముక్కుకుంటనన్న లేస్తుండె."

"యాడీ, నువ్వు జర ఊకో. జనగామోడు నన్ను ముంచిండు." కల్యాణ్ తల్లి మీద విసుక్కుని, చేతులు తుడుచుకుని ఫోను తీశాడు. "జాల్యా అన్నా, పొద్దుగాల నేను సుత..."

"ఆగు" అంది అనిత.

ఆమె గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. కల్యాణ్ ఫోను దించాడు.

"ఆ ఇత్తడివి ఒక్కపారి ఇప్పి చూడు."

విప్పి, వెలుగుకు పెట్టి చూశాడు. పెద్ద జెట్టులోంచి వెలుగు రాలేదు. గట్టిగా ఊదితే సన్నటి పీచు బయటపడింది. దాన్ని వేలిమీద పెట్టుకుని వాసన చూశాడు.

"గిదేంది... చింతపండా?"

"కార్బురేటర్‌కు పులుసు పెట్టిందిరా నీ పెండ్లాం!" బుచ్చి మంచం పట్టె మీద చరిచింది. "జర పోపు సుత ఎయ్యకపోయినవా, అనితా?"

కల్యాణ్ మాత్రం నవ్వలేదు. "ఎందుకు తోమినవ్?"

"నువ్వు పోవద్దని చెప్పరాలె. అందుకే తోమిన."

"చెప్పరాకపోతే తోముతరా ఎవరన్న?"

"నాకు గదే మంచిగొస్తది" అంది అనిత. అనేశాక, ఇంత తెలివితక్కువ మాట తండాలో ఇంకెవరూ అని ఉండరనిపించింది.

అతను జెట్లన్నీ మళ్ళీ పెట్రోలులో ముంచాడు, ఊదాడు, బిగించాడు. తాళం తిప్పితే బండి దగ్గి, నల్లటి పొగ వదిలి, వణుకుతూ స్టార్టయింది. ఇంజను ఆపకుండానే ఫోను అందుకున్నాడు.

"అన్నా, నేను వస్తలేను. ఆఁ, బండి లేసింది." అనితవైపు ఓరగా చూశాడు. "బండి ఒక్కటే కాదే. ఇంట్ల పోవద్దంటున్నరు."

అనిత తల దించుకుంది. పొద్దుటి నుంచి నోరు మూయని బుచ్చి మంచం దిగి, కొంగు తలమీదికి లాక్కుని, ఇద్దరినీ ఒకసారి చూసి, ఒక్క తిట్టూ తిట్టకుండా, నవ్వు దాచుకుంటూ వాకిలి దాటి వెళ్ళిపోయింది.