వాన కోసం కాల్చిన గుట్ట

మా ఊళ్లో తెలివికి ఎప్పుడూ కరువు రాలేదు. వానకే వస్తుంది.

జూలై సగం గడిచినా చినుకు లేదు. గోరంట్ల బస్సు ఆగే అరుగు మీద కూర్చుని, మాజీ సర్పంచి నరసింహప్ప టీవీలో విన్నది అందరికీ చెప్పాడు. లోకం వేడెక్కిందట. ఎక్కడెక్కడి వాళ్లో బొగ్గు కాల్చి పొగ పెట్టబట్టి మన వాన దారి తప్పిందట. అంతవరకు బాగానే చెప్పాడు.

"దానికి మందు మన పెద్దోళ్లే చెప్పినారప్పా. గుట్ట కాలిస్తే వానొస్తాది" అన్నాడు.

పరాయివాళ్ల పొగకు పోయిన వాన మన పొగకు తిరిగొస్తుందట! నవ్వి ఊరుకునేదాన్నే. కానీ ఆ గుట్ట నెత్తిన, బల్లపరుపుగా ఉన్న మిట్ట మీద, మోకాలెత్తు బోదగడ్డి ఉంది. ఎండిందే అయినా మా గొర్రెలకు అదొక్కటే మేత.

"అన్నా, గడ్డి కాలిస్తే నా గొర్రెలేం తినల్ల?" అని అడిగాను.

"వానొస్తే పచ్చగడ్డే వస్తాది లే మారెక్కా. ఊరి కోసం ఆ మాత్రం ఓర్చుకోలేవా?" అన్నాడు. ఆయనకు గొర్రెల్లేవు. ఓర్పు గురించి అలాంటివాళ్లే బాగా చెబుతారు.

నిప్పు పెట్టే గౌరవం గొర్రెల కాపరికే దక్కాలన్నారు. ఆ మాటకు మా ఆయన కుళ్లాయప్ప ఉబ్బిపోయాడు. "కూర్చున్న కొమ్మను నరుక్కుంటాండావయ్యా" అని తిట్టాను. "నీకేం తెలుస్తాది, నోర్ముయ్యి" అని కాగడా పట్టుకుని గుట్టెక్కాడు. సాయంత్రానికి గుట్ట బోడిగుండయింది.

ఆ తర్వాత నల్లబడిన బండ పెనంలా కాగింది. మునుపు పొద్దు వాలితే మిట్ట మీది నుంచి చల్లగాలి దిగేది. ఇప్పుడు సెగ దిగింది. మబ్బులు వచ్చినట్టే వచ్చి చిలమత్తూరు వైపు పోయాయి. గొర్రెలు తుమ్మకాయల కోసం కుమ్ముకున్నాయి. ఈనిన గొర్రె ఒకటి మేత లేక, పాలెండి చచ్చింది. నేను ఏడ్చాను. మా ఆయన ఆకాశం చూశాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం వాన వచ్చింది. ఈ కాలపు వాన కదా, నెలంతా కురవాల్సింది ఒక్కపెట్టున దంచింది. పట్టి ఆపడానికి మిట్ట మీద గడ్డి లేదు. బూడిద, మన్ను, గులకరాళ్లు కలిసి దిగి, నరసింహప్ప బోరు కింద వేసుకున్న శనక్కాయ చేను మీదే పడ్డాయి. పైన ఒట్టి బండ మిగిలింది. ఇక అక్కడ గడ్డి మొలవడానికి మన్నే లేదు.

నరసింహప్పకు సిగ్గు వచ్చిందా? చేను పూడిపోయిన బురదలో నిలబడి, "చూసినారా! వానొచ్చిందా, లేదా?" అని అరిచాడు. మరునాడు అరుగు దగ్గర మా ఆయన మెడలో బంతిపూల మాల వేశాడు. వచ్చే ఏడు పక్క గుట్ట కూడా కాల్చాలన్నారు. మా పెళ్లిలో కూడా మా ఆయన అంత మురిసిపోలేదు.

ఆ మాలతోనే వచ్చి దొడ్డి ముందర రాతి మీద కూర్చున్నాడు. "ఇప్పుడేమంటావే?" అన్నాడు.

 డొక్కలు అంటుకుపోయిన చూడి గొర్రె ఒకటి వచ్చి, ఆయన మెడలో మాల అందుకుని లాగింది. వెనకే మిగతావి ఎగబడ్డాయి. కొట్టడానికి చెయ్యెత్తాడు గానీ కొట్టలేకపోయాడు.

"తిననీలే. నువ్వు వాటికి సంపాదించిన మేత అంతే గదా" అన్నాను.

పూలు అయిపోయాక అవి దారం కూడా నమిలాయి. ఆయన మెడ వంచుకుని అలాగే కూర్చున్నాడు.