రెండో మనవి

ఆదివారం వాక్యం చెప్పడం ముగిశాక సంఘపెద్ద యెషయా లేచి ప్రార్థన మనవులు చదివేవాడు. మొదట ఆసుపత్రుల్లో ఉన్నవాళ్లు, తర్వాత పని దొరకనివాళ్లు, ఆ తర్వాత చదువుకునే పిల్లలు. "మన ఎలీనా డాక్టర్ సీటు కోసం," అనేవాడు. "ప్రేమమణమ్మ మేనకోడలు జెరూషా డాక్టర్ సీటు కోసం," అని వెంటనే ఇంకోటి కలిపేవాడు. లాలాగూడ రైల్వే క్వార్టర్ల వెనక సందులో ఉన్న ఆ చిన్న మందిరమంతా ఒక్క గొంతుతో "ఆమెన్" అనేది. అందరికంటే గట్టిగా ప్రేమమణి అనేది.

ఆ మాట వినపడగానే జెరూషా తల ఇంకాస్త వంచేది. చుట్టూ ఉన్నవాళ్లు అది భక్తి అనుకునేవారు. తల ఎత్తితే గుమ్మం వైపు చూడాల్సి వస్తుందని ఆమె భయం. మనవులు మొదలవుతాయనగా మేనత్త కూతురు ఎలీనా వదిన దాహం వంకతో గుమ్మం దాటి కుళాయి దగ్గరికి వెళ్లిపోయేది. ప్రతి ఆదివారం అదే దాహం.

మధిర దగ్గర పల్లెలో సర్కారు బడిలో తెలుగు మీడియం పదో తరగతి పాసై, ఇంటర్ బైపీసీ చదవడానికి జెరూషా మేనత్త ఇంటికి వచ్చింది. వచ్చిన మొదటి ఆదివారమే ప్రేమమణి ఆమె భుజం మీద చెయ్యేసి, "మా అన్నయ్య కూతురండీ, డాక్టర్ చదవడానికొచ్చింది," అని అందరికీ చూపించింది. జెరూషా కాదనలేదు, అవుననలేదు. అసలు తనకేం కావాలో ఆమెను అంతవరకు ఎవరూ అడగలేదు. తనను తానూ అడగలేదు.

ఎలీనా ఇంటర్ అయిపోయి రెండు వేసవులు గడిచాయి. డాక్టర్ సీటుకు నీట్ రాసింది, రాలేదు. మళ్లీ రాసింది, మళ్లీ రాలేదు. ఎంసెట్ రాయలేదు. డిగ్రీలో చేరడానికి దోస్త్‌లో దరఖాస్తు పెట్టలేదు. ప్రేమమణి పెట్టనివ్వలేదు. "దేవుణ్ణి ఒకటి అడిగి, అది రాదేమోనని చేతిలో ఇంకోటి పట్టుకు నిలబడతామా? అదేం నమ్మకం?" అంది. ఆ మాటనే సాక్ష్యంగా మందిరంలో నిలబడి చెప్పింది కూడా. ఆ రోజు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఇప్పుడు ఎలీనా పుస్తకాలు తెరవడం మానేసింది. ఇంటి పనంతా చేస్తుంది, బట్టలు మడతపెడుతుంది, బయటికి వెళ్లమంటే తలనొప్పి అంటుంది.

వానాకాలం నుంచి శనివారం సాయంత్రాలు ఆలిస్ టీచర్ యాప్రాల్ నుంచి వచ్చి ఇంటర్ మొదటి ఏడాది పిల్లలను కూర్చోబెట్టేది. రిటైరైన సైన్సు టీచర్ ఆవిడ. సండే స్కూలు గదిలో చిన్నపిల్లల బెంచీలే ఉండడంతో అందరూ మోకాళ్లు గడ్డాలకు తగిలేలా ఒదిగి కూర్చునేవారు.

"ఇంటర్ అయ్యాక ఏంటనేది ఇంటర్ అయ్యాక ఆలోచించేది కాదు," అనేది ఆలిస్. "ఇంకో ఏడాదికి పైగా టైముంది. పది మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒకటేనా కాదా ఇప్పుడే చూసుకోండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవలో జనం లేనప్పుడే వెళ్లండి. ఏ పరీక్షకు ఏ నెలలో అప్లికేషన్ వస్తుందో గోడకు రాసి పెట్టుకోండి. మధ్యలో ఏడాది పోయినవాళ్లయితే గ్యాప్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి..."

ఆ మాట దగ్గర ఆవిడే ఆగిపోయింది. గదిలో ఎవరూ జెరూషా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి అందరూ పడుతున్న అవస్థ జెరూషాకు తెలుస్తూనే ఉంది.

ఆలిస్ బోర్డు మీద సుద్దముక్కతో నిలువుగా గీత గీసింది. "ఇటు మొదటి దారి. అటు, అది దొరక్కపోతే రెండో దారి. ఒక్కొక్కరూ లేచి చెప్పండి."

షెకీనా టక్కున లేచింది. మెట్టుగూడలో పుట్టి పెరిగిన పిల్ల, నోరు మూతపడదు. "ఫస్ట్ దారి సీఏ, టీచర్. సెకండ్ దారి మా డాడీ దుకాణంల కూసొని మా డాడీకే లెక్కలు చెప్త."

"మీ డాడీ ఏమంటాడు?" అడిగింది ఆలిస్.

"జెర రెండో దారి బంద్ చెయ్యమంటడు టీచర్, పరేషాన్ అయితుండు."

గదంతా నవ్వింది. ఆలిస్ ఒక్కొక్కరి పేరూ, దారులూ బోర్డు మీద రాస్తూ వచ్చింది. చివరికి జెరూషా వంతు వచ్చింది. "డాక్టర్," అంది, పక్కనున్న షెకీనాకు మాత్రమే వినపడేలా.

"రెండోది?"

జెరూషా బోర్డు వైపు చూసింది. అందరి పేర్ల ఎదుట గీతకు అటువైపు ఏదో ఒకటి ఉంది. తన పేరు ఎదుట నల్లగా ఉంది.

"ఏందే గిట్ల గమ్మునున్నవ్?" షెకీనా మోచేత్తో పొడిచింది. "ఏదో ఒకటి చెప్పెయ్, ఏం పోతది?"

"తొందరేం లేదు," అంది ఆలిస్. "వచ్చే ఆదివారం విద్యార్థుల కోసం ప్రత్యేక ప్రార్థన ఉంది. ముందుకొచ్చి ఎవరి నోటితో వాళ్లు చెప్పాలి. రెండూ చెప్పాలి. ఆలోగా ఆలోచించుకో."

అందరూ వెళ్లాక బెంచీలు గోడకు జరుపుతూ జెరూషా ఆగింది. "టీచర్, రెండోది చెబితే మొదటిదాని మీద నమ్మకం లేనట్టు కదండీ?"

ఆలిస్ సుద్ద అంటిన చేతులు దులుపుకుంది. "నేను ఇక్కడికి బయల్దేరేటప్పుడు ప్రార్థన చేసుకునే గడప దాటుతానమ్మా. బస్సు రాకపోతే ఆటో ఎక్కుతాను. ఆటో ఎక్కానని దేవుడు నా మీద ఎప్పుడూ అలగలేదు."

జెరూషాకు నవ్వు రాలేదు. "ఇంట్లో వదిన ఉంది టీచర్. నేను రెండోది చెబితే, అప్పుడు వదిననెందుకు రెండోది పెట్టనివ్వలేదని అందరూ అత్తయ్య వైపు చూస్తారు. నాకు అన్నం పెడుతుంది అత్తయ్య."

ఆలిస్ కిటికీ మూసి గొళ్లెం పెట్టి, "చెప్పకపోతే?" అని మాత్రం అడిగింది.

దానికి జవాబు ఇంట్లోనే ఉందని జెరూషాకు తెలుసు. తలనొప్పి అంటూ పడుకుని ఉంటుంది.

ఆ వారంలో ఒక పొద్దున ప్రేమమణి జడ వేస్తూ, "ఆదివారం గట్టిగా చెప్పాలి. నీ మాట నీకే వినపడదు. సంఘమంతా ఎదురుచూస్తా ఉంటారు," అంది.

"అత్తయ్యా, టీచర్ రెండోది కూడా చెప్పమన్నారు."

దువ్వెన ఆగింది. "రెండోదేంటి?"

"డాక్టర్ రాకపోతే అని..."

"రాకపోతే అన్న మాట ఈ ఇంట్లో ఎవరన్నా అన్నారా ఎప్పుడన్నా? ఆలిస్ గారు పెద్ద చదువులు చదివినావిడ, ఆవిడ లెక్కలు ఆవిడవి. మనది అడిగి, ఎదురుచూస్తూ కనిపెట్టుకునే ఇల్లు. ఆయన ఇచ్చేదాకా కనిపెడతాం." ప్రేమమణి పాయలు బిగించి లాగింది. జెరూషా కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కన దుప్పటి మడతపెడుతున్న ఎలీనా చేతులు ఒక్క క్షణం నిలిచి మళ్లీ కదిలాయి.

మధ్యాహ్నం ప్రేమమణి స్త్రీల కూడికకు వెళ్లాక ఎలీనా వచ్చి జెరూషా పక్కన చాప మీద కూర్చుంది. "ఏం అనుకున్నావే రెండోది?"

"ఏం అనుకోలేదు వదినా."

"అబద్ధం."

జెరూషా కాసేపు చాప అంచు గిల్లింది. "మా ఊళ్లో నర్సమ్మ ఉండేది. మంగళవారం బండి మీద వచ్చి బడి వరండాలో చంటిపిల్లల్ని తూచేది. డాక్టర్ని నేను చూసిందే తక్కువ. ఆవిణ్ణి ప్రతివారం చూసేదాన్ని. బండి చప్పుడు వినపడితే పాఠం మధ్యలో కిటికీలోంచి తొంగిచూసేదాన్ని."

"మరి అది చెప్పొచ్చుగా."

"నీకు కష్టంగా ఉండదా?"

ఎలీనా గోడకు తల ఆనించింది. "నాతో చదివినవాళ్లు చిలకలగూడ బస్టాపులో కనపడితే నేను రోడ్డు దాటి అటువైపు పోతాను. ఏం చేస్తున్నావని అడుగుతారు. కనిపెడుతున్నానని చెప్పనా? ఆ మనవుల్లోంచి నా పేరు తీసెయ్యమని అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నా. దేవుడి దగ్గర పెట్టిన పేరు తీసెయ్యమంటే ఏమనుకుంటారే? అందుకే మంచినీళ్లకి వెళ్తున్నా." జెరూషా వైపు తిరిగి, "నువ్వు కూడా ఆ కుళాయి దగ్గరికి రాకు. అక్కడ చోటు లేదు," అంది.

ఆదివారం వచ్చింది. మందిరంలో ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు చాపల మీద కిక్కిరిసి కూర్చున్నారు. పిల్లలు ముందుకు వెళ్లి వరసగా మోకరించారు. ఆడపిల్లలు తలమీదికి చున్నీలు లాక్కున్నారు. యెషయా మైకు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చెయ్యి ఒక్కొక్కరి తలమీద పెడుతూ వస్తున్నాడు. రైల్వే వర్క్‌షాపులో ఇనుము మోసిన చెయ్యి అది, తలమీద పడితే బరువు తెలిసేది.

షెకీనా తన రెండు దారులూ గడగడా చెప్పేసింది, డాడీకే లెక్కలు చెప్తానన్న మాట తప్ప. తర్వాత మైకు జెరూషా ముందుకు వచ్చింది.

"డాక్టర్," అంది. తన గొంతు పైనున్న స్పీకర్లోంచి వినపడి తానే ఉలిక్కిపడింది. ఆడవాళ్ల వైపు నుంచి ప్రేమమణి "స్తోత్రం" అంది.

"అది... రాకపోతే నర్సింగ్."

 ఎవరో చంటిపిల్లను ఊరుకోబెడుతున్నారు. యెషయా ఒక్క క్షణం తటపటాయించి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. పల్లె నుంచి వచ్చిన ఈ బిడ్డను గొప్ప డాక్టర్‌ను చేయమన్నాడు, ఆమె చేతులతో రోగులను ముట్టమన్నాడు, ఆమె అత్త విశ్వాసాన్ని చూడమన్నాడు. నిండుగా, పొడుగ్గా ప్రార్థించాడు. నర్సింగ్ మాట ఎత్తలేదు. మరిచాడో, ప్రేమమణమ్మ మనసు నొప్పించలేకపోయాడో తెలియదు. "ఆమెన్," అన్నాడు. అందరూ అన్నారు.

ఆయన మిగతావాళ్లకూ ప్రార్థన చేసి ముగించాడు. పిల్లలంతా లేచి చున్నీలు సర్దుకుంటూ చాపల మీదికి వెళ్లిపోయారు. జెరూషా లేవలేదు.

లేచి వెళ్లిపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. చెప్పాను కదా అని తనకు తాను చెప్పుకోవచ్చు. వచ్చే ఆదివారం మళ్లీ ఒకటే మనవి చదువుతారు. ఆ తర్వాతి ఆదివారం కూడా. మాట్లాడడం ఆమెకు చేతకాదు, కానీ మోకాళ్ల మీద ఉండడం చేతనవును. ఉంది.

"లే బిడ్డా, అయిపోయింది," అన్నాడు యెషయా.

"ఇంకోటి ఉంది తాతయ్యా."

"ఏందమ్మా?" మైకు ఆయన చేతిలోనే ఉంది. ఇద్దరి మాటలూ అందరికీ వినపడుతున్నాయి.

"రెండోది. మీరు అడగలేదు."

మగవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. యెషయా తలెత్తి ప్రేమమణి వైపు చూశాడు. తర్వాత ఆలిస్ వైపు చూశాడు. ఆలిస్ తన ఒళ్లో చేతులు చూసుకుంటూ ఉంది. ఆయన మళ్లీ ఆ బరువైన చెయ్యి జెరూషా తలమీద పెట్టాడు. ఈసారి మాటల కోసం వెతుక్కున్నాడు.

"తండ్రీ," అన్నాడు. "ఈ పిల్ల రెండోది సుత అడుగుతున్నది. రెండోది అడుగుడు మాకు ఎవ్వరూ నేర్పలే. నువ్వే విను."

ఆమెన్‌లు అక్కడొకటి ఇక్కడొకటిగా వినపడ్డాయి. వాటిలో అత్తయ్య గొంతు లేదు. ఆ గొంతు ఉంటే వినపడకుండా ఉండేది కాదు. జెరూషా లేచి వెనక్కి తిరిగినప్పుడు గుమ్మంలో ఎలీనా నిలబడి ఉంది. నీళ్లు తాగిన తడి లేదు మూతి మీద.

ఇంటికి వచ్చేదారిలో ప్రేమమణి ముందు నడిచింది, వాళ్లిద్దరూ వెనక.  అన్నం దగ్గర ప్రేమమణి కూర వడ్డించింది, చారు పోసింది, ముఖం ఎత్తలేదు. జెరూషా అన్నం కలుపుతూ కూర్చుంది. ఊరికి పంపేస్తుందేమో అనుకుంది. పంపేస్తే కాలేజీ మధ్యలో ఆగిపోతుంది. అయినా మోకాళ్ల మీద నుంచి ముందే లేచి ఉండాల్సిందని మాత్రం అనిపించలేదు.

"అమ్మా," అంది ఎలీనా. "వచ్చే ఆదివారం నా పేరు చదవొద్దని యెషయా తాతయ్యకి చెప్పు. నా మనవి నేనే ముందుకెళ్లి చెప్పుకుంటా. ఇది చేసినట్టు."

గరిటె గిన్నెలో పడింది. ప్రేమమణి లేచి వంటింట్లోకి వెళ్లింది. లోపల కుళాయి విప్పిన చప్పుడు వచ్చింది. కడగడానికి అక్కడ గిన్నెలేమీ లేవు. అయినా నీళ్లు చాలాసేపు పారుతూనే ఉన్నాయి.

ఆమె పెరుగుతో తిరిగి వచ్చింది. పమిట కొంగు తడిసి ఉంది. మొదట జెరూషా కంచంలో వేసింది, తర్వాత ఎలీనాకు.

"ఆ టీచరమ్మ శనివారం ఎన్నింటికొస్తుంది?" అంది, ఎవరి వైపూ చూడకుండా.

"నాలుగింటికి అత్తయ్యా."

"మధ్యలో ఏళ్లు పోయినవాళ్లకి ఏదన్నా కాయితం కావాల్నా?"

"కావాలి అత్తయ్యా. ఎక్కడ తీసుకోవాలో టీచర్‌కి తెలుసు. అడిగి వస్తా."

ప్రేమమణి పెరుగు గిన్నె చేత్తో పట్టుకునే ఉంది. దాన్ని కింద పెట్టడానికి చోటు కోసం అటూ ఇటూ చూసింది.

"నువ్వొద్దులే," అంది చివరికి. "నీ మాట ఎవరికి వినపడుద్ది? నేనే వస్తా."

శనివారం ప్రేమమణి ఎలీనాను వెంటబెట్టుకుని వచ్చింది. చిన్నపిల్లల బెంచీ మీద మోకాళ్లు ముడవలేక పక్కకు తిరిగి కూర్చుంది. ఆలిస్ బోర్డు మీద ఎలీనా పేరు రాసి, పక్కన నిలువుగా గీత గీసి, సుద్దముక్క ఎలీనా చేతికిచ్చింది. ఎలీనా గీతకు అటువైపు, రెండో దారి చోట, ముందు రాసింది. ప్రేమమణి పెదవులు బిగించి, ఆ అక్షరాలు పూర్తయ్యేదాకా చూస్తూ కూర్చుంది.