గోలిన్ అక్క ఊపిరి

మా గోలిన్ అక్క కొండమీద నిలబడి పిలిచిందంటే, సరస్సు అవతల అడవిలో మేసే ఆవులు మేత వదిలి వచ్చేసేవి. పాటలా సాగే ఆ సన్నని పిలుపు స్వీడన్‌లోని మా యెమ్ట్‌లాండ్‌లో చాలామంది ఆడవాళ్లకు వచ్చు. కానీ అంత పొడుగు వరసను ఒకే ఊపిరిలో లాగడం అక్కకే చేతనయ్యేది. చెల్లెల్ని కదా, గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి.

కిందటి చలికాలం ఆమెకు పొడిదగ్గు పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సార్కోయిడోసిస్ అన్నారు. లోపల చిన్నచిన్న గడ్డలు పుట్టి, ఊపిరితిత్తులు బిరుసెక్కిపోతాయట. ఎంత పాడయ్యాయో చూడాలని ఒక గొట్టంలోకి ఊదమన్నారు.

అక్క నింపాదిగా, సన్నగా ఊదింది. మిషన్ ఒప్పుకోలేదు. రెండోసారీ అంతే.

"దాచుకోకండమ్మా! ఉన్నదంతా ఒక్కసారిగా బయటికి కొట్టండి," అంది నర్సు ఎల్విరా.

నాకు ఒళ్లు మండింది. "నలభై ఏళ్లుగా ఊపిరి పొదుపు చేసిన మనిషి. పారబొయ్యమంటే ఎలా పారబోస్తుంది?"

"నువ్వు నోర్ముయ్యవే," అని అక్క ఈసారి గట్టిగా ఊదింది. ఉండాల్సిన దాంట్లో అరవై శాతమే తేలింది. పీల్చిన గాలి రక్తంలోకి చేరడం కూడా తగ్గిందన్నారు.

మందులు మింగుతూనే వేసవికి ఆవులతో కొండమీది పాకకు చేరింది. పక్క పాక హాల్వార్ ఊరుకోడుగా!

"ఎందుకొచ్చిన పాట్లు గోలిన్? నీ పాత పిలుపు రికార్డు ఉందిగా, మైకులో పెట్టేద్దాం. ఆవులకేం తెలుస్తుంది?"

అక్క మొహం ఎర్రబడింది. "ఇవాళ నేను పిలిస్తే రాకపోతే, రేపే వాటిని నీకప్పజెప్పి దిగిపోతా."

అన్నమాట తప్పే మనిషి కాదు.

సాయంత్రం పిలిచింది. సగంలో తెగింది. ఒకటే దగ్గు. హాల్వార్ తల దించుకున్నాడు. అక్క కాసేపు ఆగి, ఆ పొడుగు వరసను ముక్కలు చేసింది. ఒక ముక్క, ఊపిరి. ఇంకో ముక్క, మళ్లీ ఊపిరి. అవతల మెడగంట వినిపించింది. కాసేపటికి ఏడు ఆవులూ వచ్చాయి. నేను భోరుమన్నాను, సిగ్గెందుకు!

ఇప్పుడు పట్నం ఆడవాళ్లు ఆ పిలుపు నేర్చుకోవడానికి వస్తున్నారు. నిక్షేపంలాంటి ఊపిరితిత్తులు పెట్టుకుని, అక్క ఆగిన చోటల్లా ఆగుతున్నారు.

"అక్కడ ఆగక్కర్లేదమ్మా, అది జబ్బు వల్ల..." అనబోయాను.

"ఆగాలి," అంది అక్క. "నా పిలుపు అలాగే ఉంటుంది."