ఎరగా వచ్చిన పిల్ల

పచ్చి పనసకాయ ముక్కలు తరిగి, చేతికంటిన జిగురును కొబ్బరినూనెతో వదిలించుకుంటున్నాను. అత్తయ్య వంటింటి గుమ్మంలోంచే, "ఆదివారం కినాసి వస్తోంది. వెనక గది దులిపి ఉంచు," అన్నారు.

కినాసి మా వదిన కూతురు. అంటే మా ఆయన అక్కగారి పిల్ల. కొండ మీద బంగాళదుంప చేలున్న ఊళ్ళో ఉంటారు వాళ్ళు.

"ఎన్నాళ్ళుంటుంది అత్తయ్యా?"

"ఎన్నాళ్ళేమిటి? నీ కడుపు పండేదాకా."

పిల్లలు కలగని ఇంటికి బంధువుల పిల్లనొకదాన్ని తెచ్చిపెట్టుకోవడం మా జావాలో వింతేమీ కాదు. ఆ పిల్ల ఆడుతూ పాడుతూ తిరుగుతుంటే చూసి, పుట్టాల్సిన బిడ్డకి కూడా ఈ ఇంటికి రావాలనిపిస్తుందట. అలా వచ్చిన పిల్లని మేము అనే మాటకి అర్థం ఎర. గాలానికి గుచ్చే ఎర. ఆ మాట మాకెంత అలవాటంటే, పక్కింటావిడ తన కొడుకు తల నిమురుతూ, "ఎర పెడితే పడ్డాడు వీడు," అని మురిపెంగా చెప్పుకుంటుంది. ఆ రోజు మాత్రం ఆ మాట నా చెవిలో చిత్రంగా మోగింది. గాలం ఎవరు? నేనేనా? మరి గాలం వేస్తున్నదెవరు?

నాకు జబ్బుందని ఏడాది కిందటే తెలిసింది. అంతకుముందు మా ఇంట్లో దానికి వేరే పేరుండేది. బద్ధకం. నిద్రపోయి లేచాక కూడా మళ్ళీ పడుకోవాలనిపించే అలసట. మా వొనొసోబో ఊళ్ళో పొగమంచు అందరికీ కొత్త కాకపోయినా, నేనొక్కదాన్నే రెండు స్వెట్టర్లు వేసుకుని తిరిగేదాన్ని. తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు. నెలసరి వస్తే వారం దాటినా ఆగేది కాదు. అయినా పొద్దున్నే అన్నం వార్చడం, మంచులో ఎంతకీ ఆరని బట్టలు పొయ్యి పక్కన తీగ మీద మళ్ళీ మళ్ళీ తిప్పి వేయడం, అత్తయ్య ప్రార్థనల రోజున ఇంటికొచ్చే ఆడవాళ్ళందరికీ అన్నం పొట్లాలు కట్టడం, ఏదీ ఆగలేదు. ఆలస్యమయ్యేదంతే. ఆ ఆలస్యమే అందరికీ కనబడేది. "మా కోడలికి చదువు ఎక్కువ, ఒళ్ళు వంగడం తక్కువ," అని అత్తయ్య చీటీపాట రోజున నలుగురి ముందూ నవ్వుతూ అనేవారు. నేనూ నవ్వేదాన్ని. "ఆఫీసులో పొద్దస్తమానం పని చేసొచ్చిన నేనే అలిసిపోలేదు, ఇంట్లో ఉండేదానివి నీకేమిటి అలుపు?" అనేవారు మా ఆయన. ఆ ప్రశ్న ఆయన జవాబు కోసం అడగలేదు కానీ, నేను మాత్రం చాలా రోజులు ఆలోచించాను. నిజమే, నాకేమిటి అలుపు?

జవాబు ఆడవాళ్ళ డాక్టరమ్మ దగ్గర దొరికింది. పిల్లల కోసమని వెళితే ఆవిడ కడుపు ముట్టుకోలేదు. వెనక నిలబడి నా మెడ మీద వేళ్ళు ఆనించి, "నీళ్ళు మింగండి," అన్నారు. రక్తం తీయించారు. థైరాయిడ్ మందకొడిగా పనిచేస్తోందన్నారు. గొంతు ముందు భాగంలో, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు ఉండే చిన్న గ్రంథి అట. ఒంటికి వేడి, ఓపిక, నెలసరి లెక్క, కడుపులో బిడ్డ నిలవడం, అన్నింటితోనూ దానికి పనే. ఇంటికొచ్చి తలుపేసుకుని, గ్లాసుతో నీళ్ళు పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. గుటక వేసినప్పుడల్లా మెడలో ఏదో పైకి లేచి కిందకి దిగుతోంది. ముప్పై మూడేళ్ళుగా నాతోనే ఉన్న ముక్క. కాలేజీ చదువు చదివాను, అత్తగారి పుట్టింటివాళ్ళ ఏడు తరాల పేర్లు అప్పజెప్పగలను, నా మెడలో ఏముందో నాకు తెలీదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా అలా గుటకలు వేస్తూనే ఉన్నాను.

మందు మొదలుపెట్టాక కొన్నాళ్ళకి, ఒక మధ్యాహ్నం గిన్నెలు తోముతూ ఏదో కూనిరాగం వినబడి ఆగిపోయాను. అది నా గొంతే. స్వెట్టరు కూడా ఎప్పుడు తీసేశానో గుర్తు లేదు. నేను బద్ధకస్తురాలిని కాకపోతే, ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో తిట్లు తిన్నదెవరు?

మందు పరగడుపున వేసుకోవాలి. ఆ తర్వాత గంటసేపు ఏమీ తాగకూడదు. అత్తయ్య సరిగ్గా ఆ సమయానికే పసుపూ చింతపండూ కాచిన కషాయం తెచ్చేవారు, గర్భసంచి శుభ్రపడుతుందని. "కాసేపాగి తాగుతాను అత్తయ్యా," అంటే, "డాక్టరు చేతి మాత్రకి రోషం వస్తుంది కాబోలు, అత్త చేతి కషాయం చూస్తే," అని గ్లాసు బల్ల మీద టక్కున పెట్టి వెళ్ళిపోయేవారు. ఏడాది గడిచింది. రక్తపరీక్షలో అంకె దిగుతూ వస్తోంది. ఇంకొంచెం దిగాలి, అప్పుడే బిడ్డ కోసం చూడండి, అన్నారు డాక్టరమ్మ. అంకె దిగేదాకా ఆగే ఓపిక అత్తయ్యకి లేకపోయింది. అందుకే కినాసి.

ఆదివారం వదిన పిల్లని దింపి, తేనీరు కూడా సగమే తాగి, తిరుగు బండి పోతుందని వెళ్ళిపోయింది. కినాసి మూడో తరగతి చదువుతోందన్నారు. చూస్తే ఒకటో తరగతి పిల్లలా ఉంది. మొహం కాస్త ఉబ్బినట్టు, చర్మం పొడిబారినట్టు. ఎండ కాసినా చలికోటు విప్పేది కాదు. బడి నుంచి వచ్చి కుర్చీలోనే నిద్రపోయేది. వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే గట్టు మీద కూర్చుని చూసేది.

"ఇదేం ఎరమ్మా! కదలదు, మెదలదు. దీన్ని చూసి ఏ బిడ్డ వస్తుంది?" అన్నారు అత్తయ్య. "అచ్చం నీ పోలికే. నీ కడుపున పుట్టకపోయినా నీ బద్ధకం మాత్రం పుణికి పుచ్చుకుంది."

నాకు ఆ పిల్ల ప్రశ్నలు బాగుండేవి. మెల్లగా, ఒక్కొక్క మాటా కూడగట్టుకుని అడిగేది. ఒక పొద్దున నేను మాత్ర వేసుకుంటుంటే పక్కకొచ్చి నిలబడింది.

"అత్తా, అది మింగితే పాప పుడుతుందా?"

"ఏమో. ముందైతే నాకు చలి తగ్గింది."

"నాకూ చలేస్తుంది." కోటు చేతుల్లోకి వేళ్ళు లాక్కుంది. "అమ్మ నన్ను తాబేలంటుంది. మా టీచరైతే నిద్రమొహం అంటుంది. నేను కావాలని పడుకోను అత్తా. అదే వచ్చేస్తుంది."

నేను గ్లాసులో నీళ్ళు పోసి చేతికిచ్చాను. "తాగు చూద్దాం."

తల ఎత్తి తాగింది. ఆ సన్నటి మెడలో, చర్మం కింద, చిన్న గుబ్బలాంటిది పైకి లేచి దిగింది. నా మెడలో కన్నా స్పష్టంగా.

ఎవరితోనూ చెప్పకుండానే తీసుకెళ్ళాను. బజారుకని చెప్పి బయలుదేరాం. డాక్టరమ్మ చూసి, పరీక్ష చేయించి, కాగితం నా వైపు తిప్పి, "పిల్ల ఎత్తు పెరగకపోవడం కూడా దీనివల్లే. ఇన్నాళ్ళూ ఎవరూ చూసుకోలేదా?" అన్నారు. మాత్ర రోజూ వేయాలి, ఎన్నేళ్ళో చెప్పలేం, మానకూడదు, అన్నారు. ఆ తర్వాత, "ఇది తరచు కుటుంబంలో వస్తుంది. మీ నుంచేనా?" అని అడిగారు.

"నాకు రక్తసంబంధం లేదండీ. మా ఆయన మేనకోడలు."

"అయితే ఆ వైపు ఎవరికుందో కనుక్కోండి." అని, నా కాగితం కూడా చూసి నవ్వారు. "మీ అంకె దిగింది. ఇక బిడ్డ కోసం చూసుకోవచ్చు."

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట. విన్నాను. మడిచి సంచిలో పెట్టుకున్నాను. దారంతా ఆలోచిస్తున్నది మాత్రం ఇంకొకటి. ఆ వైపు ఎవరికి?

భోజనాల దగ్గర కినాసి సంగతి మాత్రం చెప్పాను. మా ఆయన వేయించిన సోయాగింజల టెంపే ముక్క కొరుకుతూ ఆగిపోయారు. అత్తయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"నీ గాలే సోకింది పిల్లకి! నిండా నెల కాలేదు వచ్చి!"

"జబ్బు గాలికి రాదు అత్తయ్యా. ఎప్పటినుంచో ఉందట."

"రోగిష్టి పిల్ల ఎరగా పనికిరాదు," అన్నారావిడ కొడుకు వైపు తిరిగి. "అక్కకి ఫోన్ చెయ్యి. దీన్ని తీసుకుపోయి, చిన్నవాణ్ణి దింపమను. వాడైతే ఇల్లు పీకి పందిరేస్తాడు, అలాంటివాడు కావాలి."

"అదీ నిజమే," అన్నారు మా ఆయన. "అక్కడ వాళ్ళమ్మే మందిస్తుందిలే."

వదిన చీకటుండగానే చేలోకి వెళుతుంది. నలుగురు పిల్లలు. పరగడుపున మాత్ర ఇచ్చి గంట చూసేదెవరు? ఆ మాట పైకి అనలేదు. పళ్ళెంలోకి చూస్తున్న కినాసి ముందు అనబుద్ధి కాలేదు. "డాక్టరమ్మ మీ వైపు ఎవరికుందో కనుక్కోమన్నారు," అన్నానంతే. అత్తయ్య చెయ్యి తల మీది ముసుగు అంచుని గడ్డం కిందకి లాక్కుంది. ఆవిడ ఇంట్లో, మా ఆడవాళ్ళ మధ్యన కూడా, ఆ ముసుగు తీయగా నేనెప్పుడూ చూడలేదు. భక్తి అనుకునేదాన్ని.

మర్నాడు అందరూ వెళ్ళాక పెరట్లో బట్టలు పిండుతుంటే అత్తయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. నేనేమీ అడగలేదు. ఆవిడే ముసుగు పిన్ను తీశారు. మెడ మీద అడ్డంగా, ఒక పక్కనుంచి ఇంకో పక్కకి, పాత కుట్టు గీత.

"మా పైఊళ్ళో ఆడవాళ్ళ మెడలు ఇలాగే ఉబ్బి ఉండేవి. నాది మరీ పెద్దదని కోయించారు. మందు వాడమన్నాడు డాక్టరు. మాత్రలు మింగే కోడలంటే నామోషీ అని మా అత్తగారు మాన్పించింది. ముసుగు కప్పుకోమంది."

"మరి పిల్లలు?"

"నిలిచేవి కాదు. ముగ్గురు పోయారు." పిండిన బట్టని మళ్ళీ పిండుతున్నారు. "అప్పుడు ఎర తెచ్చారు. మా మరిది కూతుర్ని. మూడేళ్ళుంది మా ఇంట్లో. నా వెనకే తిరిగేది. తర్వాత మీ వదిన పుట్టింది. అందుకే చెబుతున్నా, ఎర పనిచేస్తుంది."

"ఆ పిల్ల ఏమైంది అత్తయ్యా?"

ఆవిడ నా వైపు చూశారు, నేనేదో తెలియని భాషలో అడిగినట్టు.

"ఏమవుతుంది? పని అయిపోయింది, పంపేశాం."

"తర్వాత?"

చేతిలో బట్ట బకెట్లో పడేశారు. "వెళ్ళేటప్పుడు గేటు పట్టుకుని వదల్లేదు," అన్నారు. లేచి, పిన్ను పెట్టుకుంటూ లోపలికెళ్ళిపోయారు. పిన్ను ఒక్కసారికి పడలేదు.

ఆ సాయంత్రం కినాసికి జడ వేస్తూ అడిగాను. ఈ ఇంట్లో దాన్ని ఎవరూ అడగని ప్రశ్న. "నీకెక్కడ ఉండాలనుంది?"

"సెలవులకి అమ్మ దగ్గర. బడికి ఇక్కడ," అంది. కోటు బొత్తాం తిప్పుతూ, "పాప పుట్టినా ఉండొచ్చా?" అంది.

అంటే తెలుసు దానికి, తానెందుకొచ్చిందో. మొదటినుంచీ తెలుసు.

ఆదివారం వదిన చిన్నవాణ్ణి చంకనేసుకుని వచ్చింది. వాడు రాగానే అత్తయ్య ముసుగు పట్టుకు లాగాడు. "చూశావా హుషారు!" అన్నారు మా ఆయన. కినాసి తన సంచి తెచ్చుకుని గోడ పక్కన నిలబడింది, కోటు బొత్తాలన్నీ పెట్టుకుని.

నేను వెళ్ళి ఆ సంచి అందుకుని, వెనక గదిలో పెట్టి వచ్చాను.

"వదినా, చంటాణ్ణి మీతోనే తీసుకెళ్ళండి. కినాసి చదువయ్యేదాకా ఇక్కడుంటుంది. సెలవులకి నేనే తీసుకొస్తాను. మాత్ర సంగతి నేను చూసుకుంటాను."

వదిన చంటాణ్ణి గట్టిగా హత్తుకుంది. వాణ్ణి వదిలి వెళ్ళక్కర్లేదని ఆ మొహంలో వచ్చిన వెలుగు చూసి, ఆవిణ్ణి కూడా ఎవరూ అడగలేదని అర్థమైంది. "మీ ఇద్దరికీ బిడ్డ పుట్టినా ఉండనిస్తారా?" అంది కూతురి వైపు చూస్తూ.

"ముందు పుట్టనీ!" అన్నారు మా ఆయన విసుగ్గా. "ఆవిడ అంకె దిగాలి కదా."

"దిగింది," అన్నాను. "డాక్టరమ్మ ఇక చూసుకోవచ్చన్నారు."

అందరూ నా వైపు తిరిగారు. అత్తయ్య రెండు చేతులూ పైకెత్తి దేవుణ్ణి తలుచుకున్నారు. "ఎప్పుడన్నారు? చెప్పవేం!"

"నేనే కొన్నాళ్ళు ఆగుదామనుకుంటున్నాను అత్తయ్యా."

"పిచ్చి పట్టిందా నీకు?" మా ఆయన లేచి నిలబడ్డారు. "ఇన్నేళ్ళు ఏడ్చింది దీనికోసమేగా! ఇప్పుడెందుకాగడం?"

బిడ్డ కావాలి నాకు. ఎలా ఉంటుందో, ఎవరిలా నవ్వుతుందో, నా మెడలో ముక్క దాని మెడలో కూడా ఉంటుందో తెలుసుకోవాలని ఎంతగానో ఉంది. కానీ ఇప్పుడు నెల తప్పితే ఈ ఇంట్లో అందరూ అనుకునేది ఒక్కటే, ఎర ఫలించిందని. ఆ మర్నాడే మళ్ళీ ఆ సంచి గోడ పక్కకి వస్తుంది.

"కినాసి పొడుగవడం చూడాలి," అన్నాను. "మన బిడ్డ దాని తర్వాత పుట్టేది. పెద్దది ఇంట్లో స్థిరపడ్డాక రానీండి."