వెలుతుర్లో తెల్లదారం

మా కుట్టుకొట్లో ఫ్యాను వేస్తే గుడ్డ ఎగురుతుంది, ఆపితే నేను ఎగురుతాను. ముట్లు ఆగే వయసు వచ్చినప్పటి నుంచి ఇదే గొడవ. ఉన్నట్టుండి గుండెల్లోంచి వేడి ఆవిరి లేచి మెడా ముఖమూ తడిసిపోతాయి. రొమ్ములో గడ్డకి ఆపరేషన్ అయింది కాబట్టి హార్మోను మాత్రలు నాకు కుదరవంది డాక్టరమ్మ. పల్చటి నూలుబట్టలు వేసుకో, కాఫీ తగ్గించు, వేడి లేచినప్పుడు నిదానంగా ఊపిరి తీసి వదులు అంది. కాఫీ తగ్గించిన ఆడదానితో ఓసారి మాట్లాడి చూడండి, తెలుస్తుంది!

ఆవేళ వెన్నరంగు పట్టుగుడ్డ మీద కత్తెర పెట్టానో లేదో, అంచు మీద చెమటచుక్క టప్పున పడింది. నాకు ఏడుపొచ్చింది. కత్తిరించడం ఒక్కటే నేను మనసు పెట్టి చేసే పని.

"ఇక కటింగు నువ్వే చూసుకో వదినా. నేను గుండీలు కుట్టుకుంటా."

వదిన, అంటే మా ఆయన అక్క, మిషను ఆపింది. "చాల్లే సంబడం! ఆ మచ్చ కుట్టులోపలికి పోతుంది. అది సరేగానీ, మా అమ్మ దారం రంగు చూడ్డానికి వీధిలోకి వెళ్లేది, గుర్తుందా?"

గుర్తు లేకేం! అప్పట్లో కత్తెర అత్తగారిది. కత్తిరిస్తూ కత్తిరిస్తూ, "రంగు వెలుతుర్లో చూసొస్తా" అని రీలు పట్టుకుని గబగబా బయటికి నడిచేవారు. తెల్లగుడ్డకి తెల్లదారమైనా సరే! మేమిద్దరం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం. ఆవిడ గాలికి ముఖమెత్తి కళ్లు మూసుకుని నిలబడేవారు. తిరిగొచ్చాక చెవుల పక్క జుట్టు తడిగా ఉండేది, కత్తెర మాత్రం తిన్నగా సాగేది. ఆ మిషన్నూనె వాసన, ఆవిడ కసుర్లు తలుచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

"కళ్లు మూసుకుని రంగేం చూసేదంటావే?" అంది వదిన.

అంటే అత్తగారికీ ఇదే ఆవిరి లేచేదన్నమాట!

అంతలో ఆ పట్టుగుడ్డ ఇచ్చిన టీచరమ్మ వచ్చింది. సరిగ్గా అప్పుడే నాకు మళ్లీ ఆవిరి లేచింది. "దారం... ఓసారి చూసొస్తా," అని గొణిగాను.

"దారం లేదు, గీరం లేదు," అంది వదిన. "ముట్లాగే వయసండీ, తనకి ఒళ్లు మండిపోతోంది. గాలికెళ్లొచ్చి కత్తిరిస్తుంది. కూర్చోండి."

నాకు తల కొట్టేసినట్టయింది. టీచరమ్మ బల్ల మీద కూర్చుంటూ, "నిదానంగా రమ్మనండి, తొందరేముంది?" అంది.

వీధిలో నిలబడి నిదానంగా ఊపిరి తీసి వదిలాను. వచ్చి మళ్లీ కత్తెర పట్టాను. తొందరేముందన్న ఆ ఒక్క మాట మా అత్తగారితో ఎవరూ అనలేదు కదా అని కుములుతూనే, జాకెట్టు మెడ గుండ్రంగా కత్తిరించాను.