అద్దం మీది మంచు

కేకు ట్రేలో ఒక మూల ముక్క లేదు. మిగతా పదకొండు ముక్కలూ స్కేలు పెట్టి కోసినట్టు ఉన్నాయి. ఆ మూల మాత్రం పన్ను ఊడిన చోటులా ఉంది.

"డ్వేన్, ఇది నీ పనేనా?" అంది మార్లిస్.

"కేకు చేసేది తినడానికే కదా," అన్నాడు భర్త, పేపరు దించకుండా.

"ఇంకొకళ్లింటికి ఇచ్చే ట్రే ఇది. మూల తిన్న ట్రే ఏ మొహం పెట్టుకుని పట్టుకెళ్లను?"

"రెండో మూల కూడా తినేయనా? సమంగా ఉంటుంది."

పదహారేళ్ల కూతురు కెర్స్టిన్ కిసుక్కున నవ్వింది.

"ఒక్క ముక్కకి ఇంత రాద్ధాంతమేంటి? ఆర్డెల్ లెక్కపెట్టుకుని కూర్చుంటుందా?" అన్నాడు డ్వేన్.

ఆర్డెల్ పేరు వినగానే మార్లిస్ ట్రే మీదికి వంగింది. ముక్కలు జరిపి ఖాళీ కనపడకుండా సర్ది, మీద కాగితం కప్పింది.

ఆ ఊళ్లో ఎవరికైనా జబ్బు చేస్తే ట్రే వెళ్తుంది, ఎవరైనా పోతే ట్రే వెళ్తుంది. పొరపాటు చేసినవాళ్లు కూడా నోరు తెరిచి క్షమించమనరు, ట్రే పట్టుకెళ్తారు. దాంతో మాట అవసరం తీరిపోతుంది.

డ్వేన్ కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతాడు. మార్లిస్ పొద్దుటి పూట అదే కాలేజీ లైబ్రరీలో పని చేస్తుంది. ఇంట్లో కార్లు రెండు, కాలేజీలో కారు పెట్టుకునే పార్కింగ్ పర్మిట్ కార్డు ఒకటే. అద్దం దగ్గర తగిలించే ఆ కార్డును, రూలు ఒప్పుకోకపోయినా, అటూ ఇటూ మార్చుకుంటూ ఏళ్లు గడిపేశారు. డిసెంబరులో మంచు ముంచెత్తిన రోజు కార్డు డ్వేన్ కారులో ఉండిపోయింది. మార్లిస్ కారుకు జరిమానా టికెట్ పడింది.

అప్పీలు ఆవిడే రాసింది. 'పర్మిట్ తగిలించే ఉంది. ముందు అద్దం నిండా మంచు ఉంది. మీ మనిషి మంచు దులిపి చూడకుండానే టికెట్ రాశారు.' కింద 'పై విషయాలన్నీ నిజం' అని అచ్చువేసిన వరుస ఉంటే, దాని కింద అందంగా సంతకం చేసింది. పుస్తకం మీద పెన్సిలు గీత కనిపిస్తే పిల్లల్ని వెనక్కి పిలిచి చెరిపించే మనిషి. మంచు రోజుల్లో అందరూ రాసేదే కదా అనుకుంది. అప్పీళ్ల కమిటీ టికెట్ కొట్టేసింది. అక్కడితో అయిపోయిందనుకుంది.

టికెట్లు రాసే ఆర్డెల్‌కు పార్కింగ్ ఆఫీసు నుంచి మందలింపు కాగితం వచ్చిందని గురువారం లైబ్రరీలో ఎవరో అంటే విన్నది. అందుకే ఈ కేకు.

ఆర్డెల్ తలుపు తీసి, ట్రే చూసి, లోపలికి రమ్మంది. అరవై మూడేళ్ల మనిషి, ఒంటరిగా ఉంటుంది. చర్చిలో మార్లిస్ వాళ్ల ముందు వరుసలో కూర్చుంటుంది.

"నన్ను చూడ్డానికి నువ్వొక్కదానివే వచ్చావు తల్లీ," అంది కాఫీ పోస్తూ.

"ఏం జరిగిందండీ?" అని అడిగింది మార్లిస్. ఆ ప్రశ్న తన నోటి నుంచి అంత తేలిగ్గా రావడం తనకే వింతగా ఉంది.

"ఎవరో అప్పీలు పెట్టారు, నేను మంచు దులపకుండా రాశానని. పేరు చెప్పరుగా. ఆ పొద్దున ఇరవై టికెట్లు రాశాను. ప్రతి అద్దం దులిపాననే అనుకుంటున్నా. కానీ వాళ్లు సంతకం పెట్టి మరీ రాశారట."

"మరి మీరు దులిపారేమో."

"దులిపి ఉంటే కార్డు కనపడేది కదా?" ఆర్డెల్ కాఫీ కప్పు వైపు చూస్తూ అంది. "మా అమ్మకి కూడా ఇలాగే మొదలైంది. చేయని పని చేశాననేది. చివరికి నన్నే ఎవరమ్మా నువ్వు అనేది. నెలాఖరుకి ఉద్యోగం మానేస్తానని రాసిచ్చేశాను. రేపు ఇంకేం మర్చిపోతానో."

ఇప్పుడు చెప్పాలి అనుకుంది మార్లిస్. "కేకులో నిమ్మకాయ కాస్త ఎక్కువైనట్టుంది," అంది. కాఫీ తాగి వచ్చేసింది.

ఆదివారం చర్చి దగ్గర ఆర్డెల్ ట్రే తిరిగిచ్చింది. తోమి తుడిచిన ట్రే. అడుగున టేపు మీద మార్లిస్ పేరు అలాగే ఉంది. ఖాళీగా ఇవ్వకూడదని లోపల తను మంచు దులిపే బ్రష్ పెట్టింది. చెక్క పిడి అరిగి, చెయ్యి పట్టుకునే చోట గుంటపడి ఉంది.

"నాకింక పనిలేదుగా. నీ కారులో వేసుకో. గట్టి బ్రష్," అంది.

మధ్యాహ్నం భోజనంలో మాంసం, బంగాళాదుంపలు వడ్డించింది మార్లిస్. బ్రష్ కిటికీ దగ్గర పెట్టింది. కూర్చున్న చోటు నుంచి అదే కనపడుతోంది.

"ఇదెవరిది?" అన్నాడు డ్వేన్.

"ఆర్డెల్‌ది. మతి పోతోందనుకుంటోంది, నా మూలంగా." అప్పీలులో ఏం రాసిందో మొత్తం చెప్పింది. కార్డు లేదని డ్వేన్‌కు తెలుసు. ఏం రాసిందో తెలియదు. అడగలేదు కూడా.

"నాకు చెప్పలేదే," అన్నాడు నెమ్మదిగా.

"పుస్తకం మీద పెన్సిలు గీత కూడా తప్పేనని మాకు చెప్తావు కదమ్మా," అంది కెర్స్టిన్. వెక్కిరింపుగా అనలేదు. అందుకే మార్లిస్ తలెత్తలేకపోయింది.

"ఇప్పుడు చెప్తే పర్మిట్ రద్దు చేస్తారు. కమిటీలో మా డిపార్ట్‌మెంట్ వాళ్లే ఉన్నారు," అన్నాడు డ్వేన్. "ఇంకో ట్రే పట్టుకెళ్లు. పోనీ, ఈసారి నేను ముట్టుకోను."

మార్లిస్ ఫోర్కు పక్కన పెట్టింది.

"రేపు ఆఫీసు తెరిచే వేళకి అక్కడుంటాను. నేను రాసింది అబద్ధమని రాసి సంతకం చేస్తాను. పర్మిట్ పోతే, అది అక్కర్లేని స్టేడియం దగ్గర కారు పెట్టి నడుద్దాం, ఇద్దరం. దానికంటే ముందు, ఈ భోజనం అవగానే ఆర్డెల్ ఇంటికి వెళ్తున్నాను. ఉత్త చేతులతో."